ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చారు, ఆర్‌సీసీబీ పీకేశారు: ఇది కరెక్టేనా?

మలక్‌పేట_మెకానిక్
మాది ఎల్‌ఈడీ టీవీలు, ఇండక్షన్ స్టవ్ బోర్డులు, ఎస్‌ఎమ్‌పీఎస్‌లు (మెయిన్స్‌ని డీసీగా మార్చే పవర్ సప్లైలు) బాగుచేసే షాపు. నాలుగు బెంచీలు ఉన్నాయి. ఈమధ్య మా ఓనర్ 2 కేవీఏ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తెచ్చి మూలన పెట్టి, దాని అవుట్‌పుట్ నాలుగు బెంచీలకీ లాగించాడు. అంతటితో ఆగితే బాగుండేది. "ఇక షాక్ అనే మాటే లేదు" అంటూ అందరి ముందూ ఒక వైరు వేళ్లతో పట్టుకుని చూపించాడు. నిజంగానే ఏమీ కాలేదు. అప్పటినుంచి కుర్రాళ్లు చెప్పులు విడిచేసి, ఆన్‌లో ఉన్న బోర్డు మీదే చేతులు పెట్టి పని చేస్తున్నారు. ఒకడు రీల్ కూడా తీశాడు.

పైగా మాటిమాటికీ పడిపోతోందని మెయిన్ బోర్డులోని ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి కారితే కట్ చేసే బ్రేకర్) తీయించి మామూలు ఎంసీబీ (ఓవర్‌లోడ్‌కీ షార్ట్‌కీ మాత్రమే పడే బ్రేకర్) పెట్టించాడు. ట్రాన్స్‌ఫార్మర్ ఉండగా అది దండగ అంటాడు. నాకెక్కడో తేడా కొడుతోంది. కానీ ఆయనకి అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కావట్లేదు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఫ్యూజ్‌పోయిందిరా
ఆ రీల్ పెట్టు భాయ్. రెండో వైరు కూడా పట్టుకున్నాడేమో చూద్దాం.

హాట్‌గ్రౌండ్
జోకులా ఉంది కానీ అసలు సంగతంతా ఆ రెండో వైరులోనే ఉంది.

వీధిలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ని భూమికి కట్టేస్తారు. అందుకే ఫేజ్ ఒక్కటి ముట్టుకున్నా కరెంటు మన ఒంట్లోంచి నేలలోకి దిగి, నేల గుండా తిరిగి అక్కడికే చేరుతుంది. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇన్‌పుట్ వైండింగ్ (ప్రైమరీ), అవుట్‌పుట్ వైండింగ్ (సెకండరీ) విడివిడిగా ఉంటాయి, సెకండరీకి నేలతో సంబంధం ఉండదు. ఒక్క వైరు పట్టుకుంటే కరెంటు తిరిగి వెళ్లే దారి లేదు కాబట్టి ఏమీ కాదు. మీ ఓనర్ చూపించింది ఇంతే.

కానీ ఆ రెండు వైర్ల మధ్య 230 వోల్టులు ఎక్కడికీ పోలేదు. బోర్డులో బ్రిడ్జ్ (ఏసీని డీసీగా మార్చే డయోడ్లు) దాటాక మెయిన్ కెపాసిటర్ మీద దాదాపు 325 వోల్టుల డీసీ ఉంటుంది. ఒక చెయ్యి కెపాసిటర్ ప్లస్ మీద, ఇంకో చెయ్యి బోర్డు ప్రైమరీ (మెయిన్స్) వైపు హీట్‌సింక్ మీద పడితే ట్రాన్స్‌ఫార్మర్‌కి మనిషీ టీవీ బోర్డూ ఒకటే, రెండూ లోడే.

సీరీస్‌బల్బ్
ఇవన్నీ ఇప్పుడొచ్చిన టెన్షన్లు. కోఠిలో మేం వాల్వ్ రేడియోల కాలం నుంచి ఉన్నాం. కొన్ని సెట్లలో చాసిస్సే మెయిన్స్ మీద ఉండేది. కాళ్ల కింద చెక్కపీట, ఒక చెయ్యి జేబులో, బోర్డుకి సీరీస్‌లో 100 వాట్ల బల్బు. అంతే మా సెటప్. ఎవరూ పోలేదు.

ఫ్యూజ్‌పోయిందిరా
పోయినవాళ్లు ఇక్కడికొచ్చి పోస్టు పెట్టరు కదా బాబాయ్.

హాట్‌గ్రౌండ్
@సీరీస్‌బల్బ్ చెక్కపీట, జేబులో చెయ్యి రెండూ మంచి అలవాట్లే సార్, నేనూ పాటిస్తాను. బల్బు మాత్రం బోర్డుని కాపాడుతుంది, మనిషిని కాదు. 100 వాట్ల బల్బు గుండా 430 మిల్లీ యాంపియర్ల దాకా వెళ్తుంది. గుండె లయ తప్పడానికి కొన్ని పదుల మిల్లీ యాంపియర్లు చాలు. అంత కరెంటు మనిషి గుండా పోతున్నప్పుడు ఆ బల్బు వెలగను కూడా వెలగదు.

డీఎస్ఓ_తమ్ముడు
నా దగ్గర వేరియాక్ ఉంది. బోర్డుకి వోల్టేజ్ మెల్లగా పెంచుతూ టెస్ట్ చేస్తాను. అదీ ట్రాన్స్‌ఫార్మరే కదా, ఐసోలేషన్ కిందకి రాదా?

రాణిగంజ్_వైండర్
రాదు తమ్ముడూ. వేరియాక్‌లో వైండింగ్ ఒక్కటే. దానిమీద బ్రష్ జరుగుతుంటుంది. ఇన్‌పుట్ న్యూట్రల్, అవుట్‌పుట్ న్యూట్రల్ ఒకే తీగ. ప్లగ్‌లో ఫేజ్, న్యూట్రల్ తారుమారైతే ఇంకా ప్రమాదం. నాబ్ 20 వోల్టుల దగ్గరున్నా అవుట్‌పుట్ రెండు వైర్లూ నేలతో పోలిస్తే 200 పైనే ఉంటాయి. మామూలు ఇళ్లలో వాడే స్టెబిలైజర్ కూడా ఆటో ట్రాన్స్‌ఫార్మరే. దాన్ని కూడా ఐసోలేషన్ అనుకునేవాళ్లు మా షాపుకి రోజూ వస్తారు.

వేరియాక్ కావాలంటే ముందు ఐసోలేషన్, దాని తర్వాత వేరియాక్, ఆ తర్వాత సీరీస్ బల్బు, చివర బోర్డు. ఈ వరస మార్చొద్దు.

ఇంకో మాట, మలక్‌పేట భాయ్‌కి. 2 కేవీఏ రెడీమేడ్ డబ్బాల్లో చాలావరకు సర్వర్లకీ ల్యాబులకీ చేసినవే. వాళ్లకి కావాల్సింది న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ తగ్గడం. అందుకని సెకండరీలో ఒక కొసని ఎర్త్‌కి కట్టేసి ఇస్తాం. అలా కట్టేస్తే అది మళ్లీ మామూలు మెయిన్సే, షాక్ కొడుతుంది. మీ ఓనర్ పట్టుకున్నది ఆ ఎర్త్ కట్టిన వైరేమో ముందు చూసుకోండి.

ఫ్యూజ్‌పోయిందిరా
వామ్మో.

మలక్‌పేట_మెకానిక్
ఈ కోణం నాకు తట్టనే లేదు. ఎలా చెక్ చేయాలి?

రాణిగంజ్_వైండర్
మెయిన్ ఆపి, ప్లగ్ పీకి, బెంచీల మీద అన్నీ తీసేసి, సెకండరీ ఒక్కో వైరుకీ ఎర్త్‌కీ మధ్య మల్టీమీటర్‌తో కంటిన్యుటీ చూడు. బీప్ రాకూడదు. మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) దొరికితే 500 వోల్టుల మీద ప్రైమరీ-సెకండరీ మధ్య, సెకండరీ-బాడీ మధ్య చూడు. మంచి ట్రాన్స్‌ఫార్మర్ అయితే వందల మెగా ఓమ్‌లు చూపించాలి. వర్షాకాలంలో కొంచెం తగ్గుతుంది, అది వేరే సంగతి.

తర్వాత ఆన్ చేసి, 40 వాట్ల మామూలు ఫిలమెంట్ బల్బుని హోల్డర్‌లో పెట్టి, ఒక తీగ ఎర్త్‌కి, రెండోది సెకండరీ వైరుకి కట్టి చూడు. తర్వాత రెండో వైరుకి. రెండిటిలో దేనికీ వెలగకూడదు. తీగలు కట్టేటప్పుడు సప్లై ఆపే ఉండాలి, చెప్పక్కర్లేదు అనుకుంటా.

మెగ్గర్_మేడమ్
పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ ల్యాబ్ చూసుకుంటాను, ఈ ఆర్‌సీసీబీ విషయం కొంచెం విడమరిచి చెప్తాను.

ఆర్‌సీసీబీ చేసే పని ఒక్కటే: ఫేజ్‌లో వెళ్లినంత న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా చూడటం. తేడా 30 మిల్లీ యాంపియర్లు దాటేలోపు అది కట్ చేయాలి. సగం దగ్గరే, అంటే 15 దాటగానే పడిపోయినా తప్పు లేదు. ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ వైపు మనిషి ఇరుక్కున్నాడనుకోండి. ప్రైమరీ వైపు కరెంటు ఎంత వెళ్తుందో అంతే తిరిగొస్తుంది. ఆర్‌సీసీబీకి అది ఒక బల్బు వేసినట్టే కనిపిస్తుంది. అంటే సెకండరీ వైపు జరిగేది ముందున్న ఆర్‌సీసీబీకి తెలియదు. ఇది ఓనర్ వాదనకి బలంలా కనిపిస్తుంది కానీ కాదు. సోల్డరింగ్ స్టేషన్, స్కోప్ (తరంగాన్ని తెర మీద చూపించే ఆసిలోస్కోప్), ఫ్యాను, డ్రిల్లింగ్ మెషీన్, ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైరు, ఇవన్నీ మెయిన్స్ మీదే ఉన్నాయి కదా? వాటిని చూసుకునేది ఎవరు?

ఇక నా అసలు భయం నాలుగు బెంచీల గురించి. ఐసోలేటెడ్ సప్లైలో మొదటి లోపం చప్పుడు చేయదు. రెండో బెంచి మీద ఎవరో స్కోప్ గ్రౌండ్ క్లిప్‌ని హాట్ గ్రౌండ్‌కి (బోర్డులో మెయిన్స్ వైపు గ్రౌండ్‌కి) తగిలించాడనుకోండి. స్కోప్ క్లిప్ దాని ప్లగ్ ఎర్త్ పిన్నుకి నేరుగా కలిసి ఉంటుంది. ఆ క్షణమే మొత్తం సెకండరీ, నాలుగు బెంచీలదీ, భూమికి కట్టేసినట్టవుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు, ఏదీ పేలదు. నాలుగో బెంచి దగ్గర చెప్పుల్లేకుండా నిలబడ్డ కుర్రాడు ఒక్క వైరే ముట్టుకుంటాడు. ఈసారి తిరిగెళ్లే దారి ఉంది. ఏ బ్రేకరూ పడదు.

ఆసుపత్రుల్లో ఆపరేషన్ థియేటర్లకి కూడా ఐసోలేటెడ్ సప్లై ఇస్తారు. కానీ అక్కడ ఇన్సులేషన్ మానిటర్ ఉంటుంది, మొదటి లోపానికే అలారం మోగుతుంది. మీ షాపులో ఆ అలారం లేదు. అందుకే ఒక ట్రాన్స్‌ఫార్మర్‌కి ఒక బెంచి, ఆ బెంచి మీద ఒకే ఒక్క వస్తువు. ఇందులో రాజీ లేదు.

డీఎస్ఓ_తమ్ముడు
మేడమ్, అలా అయితే స్కోప్ ఎర్త్ పిన్ను కట్ చేస్తే సరిపోతుందిగా? మా ఇన్‌స్టిట్యూట్‌లో అలాగే చేసేవారు.

హాట్‌గ్రౌండ్
అమీర్‌పేటలో నేర్పిన పాపాల్లో అదొకటి. పిన్ను కట్ చేస్తే స్కోప్ బాడీ మొత్తం హాట్ గ్రౌండ్ అయిపోతుంది. ప్రోబ్ తగిలించే బీఎన్‌సీ సాకెట్ల లోహం, వెనక స్క్రూలు, యూఎస్‌బీ పోర్టు చుట్టూ ఉండే రేకు, అన్నిటి మీదా మెయిన్స్. స్కోప్‌ని వదిలేయండి, దాని ఎర్త్ దానికి ఉండనివ్వండి. విడగొట్టాల్సింది రిపేర్ చేసే బోర్డుని.

చెర్లపల్లి_క్యూసీ
నేను కాస్త ఎదురు చెప్తాను. మా దగ్గర టెస్ట్ ఫ్లోర్‌లో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అసలు వాడం. ఆర్‌సీసీబీ, డిఫరెన్షియల్ ప్రోబ్ (స్కోప్ ఎర్త్‌ని బోర్డుకి కలపకుండా కొలిచేది), మూత వేస్తేనే సప్లై వచ్చే జిగ్ (బోర్డు పెట్టే టెస్ట్ పెట్టె). అంతే. ఐసోలేషన్ పెట్టగానే మనుషులకి ధైర్యం వస్తుంది, చేతులు లోపలికి వెళ్తాయి. ఈ మలక్‌పేట కథే సాక్ష్యం. అందులోనూ మేడమ్ చెప్పినట్టు ఆర్‌సీసీబీ గుడ్డిదైపోతుంది. ఉన్న రక్షణ తీసేసి లేని ధైర్యం ఇచ్చే వస్తువు ఎందుకు?

హాట్‌గ్రౌండ్
@చెర్లపల్లి_క్యూసీ మీది ఫ్యాక్టరీ. ఒకే మోడల్ బోర్డు, దానికి జిగ్. ఇక్కడ పొద్దున్న టీవీ, మధ్యాహ్నం స్టవ్, సాయంత్రం ఎవరిదో హోమ్ థియేటర్. మూత వేసి ఫాల్ట్ ఎలా వెతుకుతారు? డిఫరెన్షియల్ ప్రోబ్ మంచిదే కానీ చిన్న షాపులో ప్రోబ్ ఖరీదు స్కోప్ ఖరీదుతో పోటీ పడుతుంది.

ఇంకో విషయం. ఆర్‌సీసీబీ "గుడ్డిదైపోతుంది" అన్నారు. మెయిన్స్ మీద నేరుగా పని చేసినా ఫేజ్, న్యూట్రల్ రెండిటి మధ్య ఇరుక్కుంటే ఆర్‌సీసీబీ పడదు, ఎందుకంటే వెళ్లిందంతా తిరిగొస్తోంది. అక్కడ కూడా అది గుడ్డిదే. కాబట్టి తేడా ఒక్క సందర్భంలోనే: మనిషికీ నేలకీ మధ్య. ఆ సందర్భంలో ఆర్‌సీసీబీ షాక్ కొట్టాక కట్ చేస్తుంది, ఐసోలేషన్ అసలు కొట్టనివ్వదు. నేను రెండోదాన్నే కోరుకుంటాను.

చెర్లపల్లి_క్యూసీ
మొదటి లోపం లేనంతవరకే కొట్టనివ్వదు. ఆ షరతు మర్చిపోకండి. షాపుల్లో ఆ షరతు ఎవరు చూస్తున్నారు?

మెగ్గర్_మేడమ్
ఇద్దరి మాటా నిజమే కానీ ఇద్దరూ ఒక చిన్న విషయం వదిలేశారు. బోర్డు ప్రైమరీలో లీకేజ్ బ్రిడ్జ్ దాటాక జరుగుతుంది, అంటే అది నిండు ఏసీ కాదు, సగం తరంగం. టైప్ ఏసీ ఆర్‌సీసీబీ దాన్ని సరిగ్గా పట్టలేకపోవచ్చు. టైప్ ఏ కావాలి. మన మార్కెట్లో చవగ్గా దొరికేవి ఎక్కువగా టైప్ ఏసీ. డబ్బా మీద గుర్తు చూడండి: గుండ్రటి అలకి తోడు సగం అల గుర్తు కూడా ఉంటే టైప్ ఏ.

సీరీస్‌బల్బ్
మరి ట్రాన్స్‌ఫార్మర్ అవుట్‌పుట్‌లో ఎర్త్ పిన్ను ఏం చేయాలి? ఎర్త్ లేకుండా మూడు పిన్నుల సాకెట్ అంటే నాకు మనసొప్పదు.

రాణిగంజ్_వైండర్
ఇక్కడ మనసు వద్దన్నదే కరెక్ట్ బాబాయ్. కోర్‌కీ, డబ్బాకీ, రెండు వైండింగుల మధ్యలో ఉండే రాగి షీల్డ్‌కీ ఎర్త్ ఇవ్వాలి. అవుట్‌పుట్ సాకెట్‌లో ఎర్త్ రంధ్రం ఖాళీగా వదిలేయాలి. ఎర్త్ తీసుకొచ్చి టీవీ చాసిస్‌కి కలిపామంటే, లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ పోగానే సెకండరీ భూమికి కట్టుకుపోతుంది. అప్పుడు ఇంత ఇనుమూ రాగీ ఎందుకు పోసినట్టు?

మలక్‌పేట_మెకానిక్
ఈరోజు టెస్ట్ చేశాను. ముందు మంచి వార్త: అన్నీ పీకేసి చూస్తే సెకండరీకీ ఎర్త్‌కీ కంటిన్యుటీ లేదు. ఓనర్ పట్టుకున్నది ఎర్త్ కట్టిన వైరు కాదన్నమాట. కానీ ఆన్ చేసి డిజిటల్ మీటర్ పెడితే ఒక వైరుకి 90, ఇంకోదానికి 120 వోల్టుల దాకా చూపిస్తోంది. టెస్టర్ కూడా మసగ్గా వెలిగింది. లీకేజ్ ఉన్నట్టా?

హాట్‌గ్రౌండ్
కాదు. రెండు వైండింగుల మధ్య చిన్న కెపాసిటెన్స్ ఉంటుంది, వెయ్యి పికోఫారడ్‌లు అనుకో. 50 హెర్ట్జ్ దగ్గర అది 3 మెగా ఓమ్‌ల పైమాటే. దాని గుండా వచ్చేది కొన్ని పదుల మైక్రో యాంపియర్లు. నీ మీటర్ 10 మెగా ఓమ్‌లది కాబట్టి అంత చిన్నదాన్ని కూడా వోల్టేజ్‌లా చూపిస్తుంది. ఇక్కడే బల్బు టెస్ట్ నిజం చెప్తుంది.

మలక్‌పేట_మెకానిక్
అక్కడికే వస్తున్నాను. ఖాళీగా ఉన్నప్పుడు బల్బు వెలగలేదు. మేడమ్ చెప్పింది గుర్తొచ్చి, మధ్యాహ్నం అందరూ పనిలో ఉన్నప్పుడు ఇంకోసారి పెట్టాను. రెండు వైర్లకీ వెలిగింది! సగం వెలుతురు, కొంచెం వణుకుతూ. ఒక్కో బెంచీ ఆపుకుంటూ వెళ్తే రెండో బెంచి ఆపగానే ఆరిపోయింది. అక్కడ స్కోప్ క్లిప్ టీవీ పవర్ బోర్డు హాట్ గ్రౌండ్ మీద ఉంది.

మెగ్గర్_మేడమ్
సగం వెలుతురు ఎందుకంటే దారి ఆ టీవీ బోర్డులోని బ్రిడ్జ్ డయోడ్ గుండా వస్తోంది, సగం తరంగమే దాటుతోంది. ఆ బల్బు ఉన్నచోట ఈసారి మీ కుర్రాడిని ఊహించుకోమని ఓనర్‌కి చెప్పండి.

చెర్లపల్లి_క్యూసీ
షరతు ఎవరు చూస్తున్నారు అన్నాను.

హాట్‌గ్రౌండ్
ఒప్పుకున్నాం సార్. అయినా ఆ తప్పు నాలుగు బెంచీలకి ఒకటే సప్లై ఇచ్చినందుకు, ఐసోలేషన్‌ది కాదు.

కానీ ఒక బెంచికి ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నా, స్కోప్ క్లిప్ పెట్టిన క్షణం నుంచి ఆ బెంచి మీద ఐసోలేషన్ లేదనే లెక్క. స్కోప్ బతుకుతుంది, మనిషికి రక్షణ ఉండదు. క్లిప్ పెట్టాలంటే సప్లై ఆపి పెట్టాలి, చేతులు తీశాకే ఆన్ చేయాలి.

డీఎస్ఓ_తమ్ముడు
లాప్‌టాప్ నుంచి సీరియల్ కేబుల్ పెట్టి ప్రోగ్రామ్ చేసేటప్పుడు కూడా ఇదేనా? స్టవ్ బోర్డుల్లో కంట్రోలర్ హాట్ వైపే ఉంటుంది.

హాట్‌గ్రౌండ్
ఇదే. మూడు పిన్నుల ఛార్జర్ ఉన్న లాప్‌టాప్‌లో యూఎస్‌బీ గ్రౌండ్ చాలావరకు ఎర్త్‌కి కలిసే ఉంటుంది. మెయిన్స్ మీదున్న బోర్డుకి ఆ కేబుల్ పెడితే లాప్‌టాప్ మదర్‌బోర్డు ఖతం. యూఎస్‌బీ ఐసోలేటర్ వాడు, లేదా బోర్డుకి బయటి నుంచి 5 వోల్టులిచ్చి మెయిన్స్ లేకుండానే ప్రోగ్రామ్ చెయ్యి.

బోడుప్పల్_బిగినర్
మైక్రోవేవ్ ఓవెన్ కూడా దీనిమీద పెట్టి చేయొచ్చా? ఈమధ్యే రిపేర్లు మొదలుపెట్టాను.

హాట్‌గ్రౌండ్
వద్దు.

మెగ్గర్_మేడమ్
వద్దు. దాని లోపలి హై వోల్టేజ్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీలో ఒక కొస బాడీకే కట్టి ఉంటుంది. బయట మీరు ఎంత ఐసోలేషన్ పెట్టినా లోపల 2000 వోల్టుల పైన బాడీతో పోల్చి తయారవుతూనే ఉంటుంది. కెపాసిటర్ ప్లగ్ పీకాక కూడా ఛార్జ్ పట్టుకుని ఉండొచ్చు. పక్కన తెలిసినవాళ్లు లేకుండా ఆ మూత తీయకండి.

ఫ్యూజ్‌పోయిందిరా
మైక్రోవేవ్‌లో ఉప్మా వేడి చేసుకో తమ్ముడూ, రిపేర్ వద్దు.

సీరీస్‌బల్బ్
ప్లగ్ పీకాక అన్నారు కాబట్టి ఒక మాట. ఎస్‌ఎమ్‌పీఎస్ మెయిన్ కెపాసిటర్‌ని స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే పద్ధతి మానేయండి. టప్పున పేలి ట్రాక్ ఎగిరిపోతుంది, కంట్లోకి ముక్క వస్తుంది. 5 వాట్ల 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌కి ఇన్సులేషన్ ఉన్న రెండు ప్రోబులు కట్టి పెట్టుకోండి. తర్వాత మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టండి. ఇది మాత్రం మా కాలం నుంచీ మారలేదు.

కుషాయిగూడ_హాబీ
ఇంట్లో చిన్న చిన్నవి చేసుకునేవాడిని. 12 వోల్టుల 5 యాంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్లు రెండు తీసుకుని సెకండరీలు ఒకదానికొకటి కలిపితే ఐసోలేషన్ అవుతుందట కదా?

రాణిగంజ్_వైండర్
అవుతుంది. 50 వాట్ల లోపు పనికి చాలు. రెండు ట్రాన్స్‌ఫార్మర్లలో నష్టం వల్ల అవుట్‌పుట్ 230 రాదు, లోడ్ పెడితే 200 దగ్గరికి దిగుతుంది. కానీ బాబిన్ మధ్యలో గోడ ఉండి, ప్రైమరీ ఒక గదిలో, సెకండరీ ఇంకో గదిలో ఉన్న రకమే తీసుకో. ఒకదాని మీద ఒకటి చుట్టి మధ్యలో సన్నటి కాగితం పెట్టినవి వద్దు.

మలక్‌పేట_మెకానిక్
నిన్న సాయంత్రం ఓనర్‌ని కూర్చోబెట్టి బల్బు చూపించాను. స్కోప్ క్లిప్ పెడితే వెలగడం, తీస్తే ఆరడం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత రీల్ డిలీట్ చేయమని వాడిని తిట్టాడు, తను వైరు పట్టుకున్న సంగతి మాత్రం ఎత్తలేదు.

ఆర్‌సీసీబీ మళ్లీ పెట్టడానికి ఒప్పుకున్నాడు. కానీ మళ్లీ మాటిమాటికీ పడిపోతే ఏం చేస్తావు అంటున్నాడు.

మెగ్గర్_మేడమ్
అప్పట్లో ఎందుకు పడిపోయేదో ఆలోచించండి. స్కోప్ క్లిప్‌ని మెయిన్స్ మీదున్న బోర్డుకి పెట్టినప్పుడు పడాలి, అది దాని పని. ఇప్పుడు బోర్డులన్నీ ట్రాన్స్‌ఫార్మర్ అవతల ఉన్నాయి కాబట్టి ఆ కారణం పోయింది. మిగిలేది కంప్యూటర్లు, అడాప్టర్ల ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొంచెం కొంచెంగా ఎర్త్‌లోకి కారే కరెంటు. అన్నీ కలిసి 15 దగ్గరికి వస్తే పడుతుంది. షాపంతటికీ ఒకటి కాకుండా రెండు ఆర్‌సీసీబీలుగా విడగొట్టండి. ఒకసారి ఎర్త్ పిట్ కూడా చూపించండి, మన దగ్గర రాతి నేల, ఎండాకాలంలో ఎండిపోయి పేరుకే ఉంటుంది.

మలక్‌పేట_మెకానిక్
సరే మేడమ్. బెంచికొక ట్రాన్స్‌ఫార్మర్ అనేసరికి మాత్రం లెక్కలు మొదలుపెట్టాడు. ప్రస్తుతానికి 2 కేవీఏది స్టవ్ బెంచికి ఒక్కదానికే ఉంచి, టీవీ బెంచి ఒకదానికి కొత్తది కొంటాడట. మిగతా రెండు బెంచీల్లో ఆన్‌లో పెట్టి చూసే పని ఆపేశాం. టీవీకి ఎంత వీఏ సరిపోతుంది?

రాణిగంజ్_వైండర్
55 అంగుళాల దాకా అయితే 300 వీఏ చాలు, 500 పెట్టుకుంటే నిశ్చింత. టొరాయిడ్ (గుండ్రటి కోర్) అయితే ఆన్ చేసిన క్షణంలో పది రెట్ల పైగా కరెంటు లాగి ఎంసీబీ పడిపోవచ్చు. డి కర్వ్ ఎంసీబీ (ఆ మొదటి జోరుకి పడనిది) పెట్టు, లేదా నేను ఈఐ (ఈ, ఐ ఆకారపు రేకుల) కోర్‌తో చేసిస్తా, బరువు ఎక్కువ కానీ గొడవ తక్కువ. నంబర్ ఇస్తా, ఫోన్ చెయ్యి.

అడ్మిన్
నంబర్లు ఇక్కడ పెట్టొద్దు, మెసేజ్‌లో చూసుకోండి.

ఫ్యూజ్‌పోయిందిరా
స్టవ్ బెంచికి 2 కేవీఏ ఉంచాడంటే ఫుల్ పవర్‌లో పెట్టి టీ కాచుకుంటారన్నమాట.

మలక్‌పేట_మెకానిక్
ఇప్పటికే కాస్తున్నారు భాయ్. 200 వాట్ల బల్బు సీరీస్‌లో ఉంచి.

సీరీస్‌బల్బ్
అలా అయితే ఆ టీ రేపటికి మరుగుతుంది.